టీమ్‌కు పేరుంది, పనే లేదు

ప్రశ్న: నేను ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరును. ఆరేళ్లు ఒకే టీమ్‌లో పనిచేశాను. అక్కడ ఏ సమస్య వచ్చినా అందరూ నా వైపే చూసేవారు. నాలుగు నెలల క్రితం కంపెనీలో కొత్తగా ఒక టీమ్ పెట్టి నన్ను రమ్మన్నారు. వేర్వేరు టీమ్‌ల దగ్గర విడివిడిగా ఉన్న ఖాతాదారుల సమాచారాన్ని ఒకే చోటికి తేవడం మా పని అన్నారు. సంతోషంగా వచ్చాను. ఐదుగురితో మొదలై ఇప్పుడు పదకొండు మందిమి అయ్యాం. చెప్పుకోదగ్గ పని ఒక్కటీ బయటికి రాలేదు. రోజంతా మీటింగులే. ఈ పని తమదేనని ఇంకో టీమ్ అంటోంది. రద్దయిన ఒక టీమ్ తాలూకు పాత ప్రోగ్రాములను మాకు అంటగట్టారు. వాటిని ముట్టుకోవాలంటే భయం. మేనేజరును అడిగితే "కొత్త టీమ్ అంటే ఇలాగే ఉంటుంది, అదే సర్దుకుంటుంది" అంటారు. మీటింగుల్లో సగం మాటలు అర్థం కావు. ఇంత అనుభవం పెట్టుకుని అడగాలంటే సిగ్గుగా ఉంటోంది. మూడు నెలల్లో వార్షిక సమీక్ష ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి రమ్మని పాత మేనేజరు అంటున్నారు. వెళ్లిపోమంటారా?
- ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. టీమ్‌కు అప్పగించిన పని ఏమిటో ఒక్క వాక్యంలో చక్కగా చెప్పారు. ఆ సమాచారమంతా ఒక చోటికి వస్తే ఎవరి కష్టం తీరుతుందో మాత్రం ఎక్కడా రాయలేదు. మరచిపోయి ఉంటారని అనుకోను. మీకు ఎవరూ చెప్పి ఉండరు. మీ మేనేజరుకు కూడా ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.

పెద్ద కంపెనీల్లో కొత్త టీమ్‌లు చాలావరకు ఇలాగే పుడతాయి. పైన ఇద్దరు ముగ్గురు కూర్చుని వచ్చే ఏడాది ప్రణాళిక రాస్తూ, దీనికి ఒక టీమ్ ఉంటే బాగుంటుందనుకుంటారు. మనుషులను కేటాయిస్తారు. పేరు పెడతారు. ఆ పేరుతో ఒక చాట్ గ్రూపు, ఒక మెయిల్ చిరునామా, వారానికి మూడు మీటింగులు వెలుస్తాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. పనిని మాత్రం కిందివాళ్లు వెతుక్కోవాలి. ఆ వెతుకులాటను ఎవరూ పని కింద జమ కట్టరు కాబట్టి, నాలుగు నెలలు గడిచేసరికి మనకు మనమే దండగమారి మనుషుల్లా కనబడతాం.

నాకూ ఒకసారి ఇదే జరిగింది. రకరకాల విభాగాలు ఖాతాదారులకు పంపే సందేశాలన్నీ ఒకే దారిలో వెళ్లాలని ఆరుగురితో ఒక టీమ్ పెట్టారు. ఐదు నెలలు కూర్చుని 28 పేజీల డిజైన్ డాక్యుమెంట్ రాశాం. బొమ్మలు, బాణాలు, పట్టికలు, ఐదేళ్ల తరవాత రాబోయే భారానికి లెక్కలు. రివ్యూ రోజున ఆపరేషన్స్ విభాగంలో పనిచేసే ఒక పెద్దావిడ మొత్తం ఓపికగా విని ఒకే ఒక్క మాట అడిగారు: "ఇది వచ్చాక, నేను రోజూ చేసే పనుల్లో ఏది మానేయవచ్చు?" ఆరుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మర్నాడు మా మేనేజరు నన్నూ మరొకరినీ ఆవిడ పక్కన కూర్చోమని పంపారు. ఆవిడ పొద్దున్నే రెండు ఫైళ్లు తెరిచారు. ఒకటి ముందు రోజు పంపవలసిన సందేశాల జాబితా, రెండోది వెళ్లినట్టు నమోదైన జాబితా. రెండింటినీ తెర మీద పక్కపక్కన పెట్టుకుని, వేలు ఆనించి ఒక్కో వరుసా పోల్చడం మొదలుపెట్టారు. తేడా వచ్చిన వరుసకు పసుపు రంగు వేయడం, అది ఎందుకు వెళ్లలేదో చెప్పమని మూడు టీమ్‌లకు మెయిల్ రాయడం. పదకొండు దాటేదాకా ఇదే. ఆ రోజు తేడా వచ్చినవి ఏడు వరుసలు. ఏడింటికీ కారణం ఒక్కటే, ఫోను నంబరు ముందు దేశం కోడ్ లేదు. ఆ పోలికను తనంతట తానే చేసి, కారణాన్ని పక్కన రాసిపెట్టే చిన్న ప్రోగ్రామును తొమ్మిది రోజుల్లో తయారుచేశాం. 28 పేజీల్లో దాని ఊసే లేదు. అది నడవడం మొదలైన కొద్ది రోజులకే ఇంకో రెండు విభాగాలవాళ్లు తమకూ కావాలని వచ్చారు. ఆ తరవాత మా డిజైన్ సగానికి సగం మారిపోయింది.

అందుకని మిమ్మల్ని మొదట కోరేది ఒకటే. ఖాతాదారుల సమాచారం కోసం రోజూ తంటాలు పడే మనుషులను ఇద్దరినో ముగ్గురినో పట్టుకోండి. మీకేం కావాలి అని మాత్రం అడగవద్దు. అలా అడిగితే కోరికల చిట్టా చేతిలో పెడతారు, దానితో ఇంకో ఆరు నెలలు గడుస్తాయి. "నిన్న ఈ సమాచారం కోసం ఏమేం చేశారో ఒకసారి చూపిస్తారా?" అనండి. ఒక చోట కాపీ చేసి ఇంకో చోట అతికించే పని, ఒక్కరి కంప్యూటర్‌లోనే ఉండి ఆ మనిషి సెలవు పెడితే ఆగిపోయే ప్రోగ్రాము, ఎవరికీ చెప్పకుండా సొంతంగా దాచుకున్న ఎక్సెల్ షీటు కనబడితే అక్కడ ఆగండి. మీ టీమ్ ఉండవలసిన చోటు అదే కావచ్చు. వాటిలో అన్నిటికంటే చిన్నదాన్ని ఎంచుకుని, మొదలు నుంచి చివరిదాకా, అసలు మనిషి అసలు పనికి వాడేదాకా తీసుకువెళ్లండి.

చిన్నదాన్నే ఎందుకంటున్నానో చెబుతాను. పెద్ద కంపెనీలో కోడ్ రాయడం చాలాసార్లు సులువైన భాగం. ఆ సమాచారం చదవడానికి అనుమతి ఎవరివ్వాలి, భద్రతా విభాగం ఏమంటుంది, ప్రొడక్షన్‌లోకి, అంటే అసలు వాడుకలోకి పంపడానికి ఎన్ని సంతకాలు కావాలి, రాత్రి ఆగిపోతే ఎవరి ఫోను మోగుతుంది, ఇవన్నీ ఒక్కసారి ఆ దారిలో నడిస్తే గానీ తెలియవు. మీ పనిలో ఇంకో మెలిక కూడా ఉంది. ఖాతాదారుల సమాచారం వేర్వేరు చోట్ల ఉండటానికి కారణం టీమ్‌ల బద్ధకమే కాకపోవచ్చు, చట్టం కావచ్చు. ఐరోపాలో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, ఒక అవసరం చెప్పి తీసుకున్న వ్యక్తిగత సమాచారాన్ని దానితో పొసగని మరో అవసరానికి ఇష్టం వచ్చినట్టు వాడకూడదు. బిల్లు పంపడానికి తీసుకున్న చిరునామాను ప్రకటనలవాళ్ల చేతికి అందేలా ఒకే చోట పోసిపెడితే, మీ ఏడాది శ్రమను న్యాయ విభాగం ఒక్క మెయిల్‌తో ఆపేయగలదు. ఆ విభాగంవారిని ఇప్పుడే కలవండి, కోడ్ రాశాక కాదు.

తెలుసుకున్నదాన్ని ఒక్క పేజీలో పెట్టండి. ఎవరికోసం, వారి ఏ పని తగ్గించడానికి, ఏ తేదీలోపు ఏం చేస్తాం, ఏం చేయబోము. ఈ చివరిది మరవవద్దు. స్లైడ్‌లు వద్దు, వాక్యాలు రాయండి. అమెజాన్‌లో 2004లో పైస్థాయి సమావేశాల నుంచి స్లైడ్‌లను తీసేసి, ఆరు పేజీల దాకా ఉండే వ్యాసం రాసుకురమ్మన్నారు. సమావేశం మొదట్లో అందరూ మౌనంగా దాన్ని చదువుతారు. చుక్కలు పెట్టి నాలుగు ముక్కలు రాస్తే మధ్యలో దాక్కునే డొల్లతనం పూర్తి వాక్యం రాయబోయేసరికి బయటపడుతుంది. ఆ పేజీని మీ మేనేజరుకు ఇచ్చి, "నాకు అర్థమైనది ఇది, తప్పుంటే దిద్దండి" అనండి. తెల్ల కాగితం ఇచ్చి దిశ చెప్పమంటే నీళ్లు నమిలే మనుషులే, ఎవరో రాసినదాన్ని ఇస్తే ఉత్సాహంగా ఎర్ర సిరా తీస్తారు. ఆ ఎర్ర గీతలే మీకు కావలసిన దిశ.

ఇక పని తమదేనంటున్న ఆ ఇంకో టీమ్. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేకపోవచ్చు. మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1968లో ఒక మాట రాశారు. ఏ సంస్థ అయినా తయారుచేసే వ్యవస్థ, ఆ సంస్థలో ఎవరు ఎవరితో మాట్లాడతారన్న అల్లికకే నకలుగా తయారవుతుందని దాని సారాంశం. మాట్లాడుకోని రెండు విభాగాలు ఒకే పనిని రెండుసార్లు కడతాయి. మీ కంపెనీలో సమాచారం ముక్కలైంది ఈ కారణం వల్లే అయి ఉంటుంది. దాన్ని కలపడానికి పుట్టిన రెండు టీమ్‌లు కూడా మాట్లాడుకోకపోతే, ముక్కలకు ఇంకో రెండు ముక్కలు కలుస్తాయి, అంతే.

మేనేజర్ల స్థాయిలో తేలనివ్వండి అని కూర్చోవద్దు. అక్కడ మాట వెంటనే సరిహద్దుల మీదికి, ఎవరి కింద ఎంతమంది అన్న లెక్క మీదికి పోతుంది. ఆ టీమ్‌లో చేత్తో కోడ్ రాసే ఒక ఇంజినీరును అరగంట సమయం అడగండి. ఒకే ఒక్క పదంతో మొదలుపెట్టండి: మీ దృష్టిలో ఖాతాదారు అంటే ఎవరు? నవ్వకండి. ఒకరికి డబ్బు కట్టినవారు ఖాతాదారు. ఇంకొకరికి ఉచితంగా లాగిన్ అయిన ప్రతి మనిషీ ఖాతాదారే. వ్యాపార సంస్థలకు అమ్మేవారి దృష్టిలో వెయ్యి మంది ఉద్యోగులున్న కంపెనీ మొత్తం కలిసి ఒక్క ఖాతాదారు. ఒకే పని మీద ఇద్దరూ కొట్లాడుతున్నాం అనుకున్నది, ఒకే పేరున్న రెండు వేర్వేరు పనుల గొడవగా తేలడం నేను చూశాను. అలా తేలకపోతే, నిజంగానే రెండూ ఒకే పని అయితే, మీరూ ఆ ఇంజినీరూ కలిసి ఒకే కాగితం రాయండి. రెండు దారులు, ఒక్కోదాని లాభనష్టాలు, కింద ఇద్దరి పేర్లు. ఇద్దరు మేనేజర్లకూ పైనున్నవారి దగ్గరికి అది వెళ్లాలి. రెండు వైపుల నుంచీ రెండు ఫిర్యాదులు వస్తే పక్కన పెట్టేస్తారు గానీ, ఇద్దరూ కలిసి రాసిన ఒక్క కాగితానికి జవాబు ఇవ్వక తప్పదు.

ఐదుగురు పదకొండు మంది కావడం గురించి మీరు గర్వంగా రాశారో విసుగ్గా రాశారో తెలియలేదు. ఐదుగురి మధ్య ఇద్దరేసి మాట్లాడుకునే జతలు 10. పదకొండు మంది అయితే 55. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని 1975లోనే రాశారు. కొత్తవారికి పని నేర్పాలి, అందరి మధ్యా మాటలు పెరగాలి. మీ మీటింగులకు మూలం అక్కడే ఉంది. చిన్న పని దొరికాక దాన్ని ముగ్గురికి అప్పగించి, మిగిలినవారు ఆ మీటింగులకు రానక్కరలేదని మేనేజరు చేత అనిపించండి.

సర్దుకుంటుందన్న మాటకు వద్దాం. మీ మేనేజరు ఏదో శిక్షణలో టీమ్ ఎదుగుదలకు నాలుగు దశలని విని ఉంటారు. ఏర్పడటం, కీచులాడుకోవడం, కట్టుబాట్లు కుదరడం, ఆ పైన పని సాగడం. బ్రూస్ టక్‌మన్ అనే మనస్తత్వవేత్త 1965లో చెప్పిన వరుస అది. ఆయన అప్పటికే అచ్చయిన 50 వ్యాసాలను చదివి దాన్ని రూపొందించారు. ఆ వ్యాసాల్లో ఎక్కువ భాగం మానసిక చికిత్స కోసం, శిక్షణ కోసం కూర్చిన బృందాల గురించి. సహజంగా పనిచేసే టీమ్‌ల గురించి ఉన్నవి తక్కువ. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నారు. రుతువుల్లా ఒకదాని వెనుక ఒకటి వాటంతట అవే వస్తాయని ఎదురుచూడటానికి అందులో ఆధారం లేదు. రెండేళ్లపాటు మొదటి దశలోనే ఉండి, తరవాత పునర్వ్యవస్థీకరణలో మాయమైన టీమ్‌లను నేను ఎరుగుదును.

పాత ప్రోగ్రాములంటే మీకున్న భయం మాత్రం మంచిదే, దాన్ని పోగొట్టుకోవద్దు. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ల లావాదేవీల సంస్థలో జరిగింది గుర్తుంచుకోండి. కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో పెట్టాలి, ఒకదానిలో పెట్టడం మరచిపోయారు. కొత్త కోడ్‌ను నడిపించడానికి వాడుకున్న గుర్తు (ఫ్లాగ్), ఏళ్ల కిందట వాడటం మానేసి కూడా తీసివేయని ఒక పాత భాగాన్ని నడిపించే గుర్తే. ఆ ఎనిమిదో సర్వరులో ఆ పాత భాగం నిద్ర లేచింది. 45 నిమిషాల్లో సంస్థకు 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. చివరికి సంస్థే వేరేవారి చేతికి పోయింది. చచ్చిన కోడ్ అని అందరూ అనుకున్నది చచ్చి లేదు.

మీకు అంటగట్టినవాటిని తీసివేయడం, తిరగరాయడం ఇప్పుడు తలపెట్టవద్దు. ఒక్కోటీ ఇంకా నడుస్తోందా, దాన్ని ఏ ఇతర ప్రోగ్రాములు వాడుకుంటున్నాయి, ఆగితే ఎవరు ఫోను చేస్తారు, ఈ మూడూ ముందు రాసిపెట్టండి. పెద్ద కంపెనీలో ఒక సౌకర్యం ఉంది. రద్దయిన టీమ్‌లోని మనుషులందరూ వెళ్లిపోరు, చాలామంది వేరే టీమ్‌లలో సర్దుకుని ఉంటారు. కోడ్‌ను ఎవరెప్పుడు మార్చారో చూపే చరిత్రలో ఎక్కువసార్లు కనబడే పేరును కంపెనీ డైరెక్టరీలో వెతకండి. ఆ మనిషిని అరగంట కూర్చోబెట్టి, "దీనిలో మీకు ఇప్పటికీ భయం వేసే చోటు ఏది?" అని అడగండి. తన పాత కోడ్ గురించి మాట్లాడమంటే ఏ ఇంజినీరూ కాదనడు. అరగంట చాలదు, చూడండి.

మీటింగుల్లో అడగడానికి సిగ్గు అన్నారు. ఏమీ ఆలోచించకుండా అడిగేయండి. ఏమీ ఎరగని కొత్తవాడు అడిగితే నేర్చుకుంటున్నాడు అనుకుంటారు, మీరు అడిగితే మాత్రం, అర్థం కాక తల ఊపుతున్న ఇంకో నలుగురు ఊపిరి పీల్చుకుంటారు. హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, బాగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు లెక్కకు వచ్చాయి. మొదట ఆమెకే అంతు పట్టలేదు. వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం కాదు, చేసినవాటిని దాచకుండా చెప్పుకోవడం వల్ల అలా వచ్చిందన్నది ఆమెకు తరవాత దొరికిన వివరణ. మీ టీమ్‌లో కూడా ఎవరో ఒకరు మొదట నోరు తెరవాలి. మేనేజరు తరవాత అందరికంటే అనుభవం ఉన్నది మీకే అయితే, ఆ ఒకరు మీరే.

సమీక్ష విషయంలో తీపి మాటలు చెప్పను. కొత్త టీమ్‌లో మొదటి ఏడాది రేటింగు చాలామందికి నష్టమే. బయటికి వచ్చిన పని లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. అందరి రేటింగులనూ పోల్చే సమావేశంలో మీ మేనేజరు ఎంత గట్టిగా మాట్లాడినా కొంతవరకే నెగ్గుతారు. కాబట్టి మూడు నెలలు ఆగకుండా ఈ వారమే అడగండి: "సమీక్షలో నా గురించి మీరు రాయబోయే నాలుగు వాక్యాలు ఏమిటి? వాటిలో ఇప్పటికే నిజమైనవి ఎన్ని?" జవాబు రాకపోతే, అది కూడా మీకు తెలియవలసిన సంగతే. ఈలోగా ఎవరిని కలిశారు, ఏం తెలిసింది, దాని వల్ల ఏ నిర్ణయం మారింది అనేది ప్రతి వారం చివర నాలుగు వరుసలు రాసి పెట్టుకోండి. నాలుగు నెలల నాటివి ఎవరికీ గుర్తుండవు, మీతో సహా.

వెళ్లిపోవాలా అన్నదానికి ఇంత దూరం రాశాక వస్తున్నాను, ఎందుకంటే దీనికి జవాబు పై పనులు చేస్తే గానీ తెలియదు. మీరు పాత టీమ్‌లో అందరూ నా వైపే చూసేవారని రాశారు. ఆ వాక్యం దగ్గర కొంచెంసేపు ఆగాను. అలా చూడటం మొదలుపెట్టడానికి అక్కడ ఎన్నాళ్లు పట్టిందో గుర్తుచేసుకోండి. మీకు ఇప్పుడు బెంగగా ఉన్నది పాత పని మీదా, అందరూ అలా మీ వైపు చూడటం మీదా అన్నది మీరే తేల్చుకోవాలి. రెండోదైనా అందులో తప్పు లేదు, కాకపోతే అది ఏ కొత్త చోటికి వెళ్లినా వెంటనే దొరకదు.

పాత మేనేజరుకు ఊరికే చూద్దాం అనవద్దు. సమీక్షకు వారం ముందున్న ఒక తేదీ ఎంచుకుని, "ఆ రోజు నేనే ఫోను చేస్తాను, అప్పటిదాకా నన్ను మీ లెక్కలో వేసుకోవద్దు" అని చెప్పండి. ఆ తేదీకి మీ టీమ్ చేసిన ఏదో ఒకదాన్ని బయటి మనిషి ఒక్కరైనా రోజూ వాడుతూ ఉంటే, ఉండిపోండి. మీరు రాసిన పేజీని మేనేజరు మూడు నెలల్లో ఒక్కసారి కూడా దిద్దకపోతే, ఆ ఇంకో టీమ్‌తో కలిసి రాసిన కాగితానికి పై నుంచి జవాబు రాకపోతే, వెళ్లిపోండి, నామోషీ ఏమీ లేదు. వెళ్లేటప్పుడు ఆ పాత ప్రోగ్రాముల మీద రాసిన నోట్సు మాత్రం టీమ్‌కు అప్పగించి వెళ్లండి. అలాంటివేవీ రాయకుండా వెళ్లినవాళ్లను మీరు నాలుగు నెలలుగా తిట్టుకుంటూనే ఉన్నారు కదా.